తగ్గని బ్యాటరీ

గంటసేపు ఫోనులో మాట్లాడితే బ్యాటరీ తగ్గి తీరాలి. ఈ విషయంలో ఫోన్ల డాక్టరుతో వాదించి గెలిచినవాడు ఆ వీధిలో లేడు. కొత్త బ్యాటరీ అయితే ఎనిమిది శాతం తగ్గుతుంది, పాతదైతే ఇరవై తగ్గుతుంది. మరీ ముసలిదైతే, అంటే ఆయన సొంత ఫోనులో మూలుగుతున్నదాని లాంటిదైతే, పది నిమిషాలకే మాట మధ్యలో కన్ను మూస్తుంది. ఊరందరి ఫోన్లూ బాగుచేసే మనిషికి తన ఫోను సంగతి పట్టించుకునే తీరిక ఎక్కడిది? అది సరే. గంటసేపు గలగలా మాట్లాడి, కిసుక్కున నవ్వి, "అవునా! తర్వాత?" అని పదిసార్లు అడిగి, ఫోను తెచ్చి బల్లమీద పెడితే, తొంభై రెండు కాస్తా తొంభై ఒకటి మాత్రమే కావడమనేది లోకంలో ఉండదు. తన కూతురి ఫోనులో ఉంది. వరుసగా నాలుగు రోజుల నుంచీ ఉంది.

ఆ బ్యాటరీ ఆయన చేత్తో ఆయనే వేశాడు. దాని జాతకం ఆయనకు తెలుసు. కాబట్టి బ్యాటరీని అనుమానించే పని లేదు. ఇక మిగిలింది కూతురే.

అసలు అవి అనుమానాల రోజులు. జబ్బుకంటే ముందు అనుమానమే ఇంటింటికీ పాకింది. మెట్లమీద ఎవరైనా దగ్గితే నాలుగు తలుపులు గడియ పడేవి. తుమ్మినవాడు "దుమ్మండీ, దుమ్ము" అని గోడలకు సంజాయిషీ చెప్పుకుంటూ దిగిపోయేవాడు. దుకాణాలు మూసెయ్యమన్నాక ఫోన్ల డాక్టరు తన కొట్టును మూడో అంతస్తులోని రెండు గదుల ఇంటికి ఎత్తుకొచ్చాడు. ముందు గది కిటికీ పక్కన బల్ల, బల్లమీద దీపం, భూతద్దం, పట్టకార్లు, సన్న మరలు పోసుకున్న సీసామూతలు. కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దించేవాడు. జనం కింద నిలబడి ఫోను బుట్టలో వేసేవారు. పైకి లాగి మందునీళ్ళతో తుడిచేవాడు. ఎంత తుడిస్తే ఏం, ఆ కట్టడంలో జబ్బు మొట్టమొదట తగులుకున్నది ఆయనకే. మునిసిపాలిటీ వాళ్ళొచ్చి గేటుకి ఎర్రకాగితం అంటించిపోయారు. మూడు వారాలకు జబ్బు పోయింది, తర్వాత కాగితమూ చిరిగిపోయింది. అక్కడితో ఆ కథ అయిపోయిందనుకున్నాడాయన.

కూతురికి పంతొమ్మిదేళ్ళు, డిగ్రీ రెండో సంవత్సరం. చిన్నప్పుడు నోరు తెరిస్తే మూసేది కాదని తల్లి వసపిట్ట అనేది. అదే కుదించుకుపోయి పిట్ట అయింది. కాలేజీ మూతపడ్డాక పాఠాలన్నీ ఫోనులోనే. పొద్దున పాఠాలు వినేది, వింటున్నట్టు కనిపించేది, మధ్యాహ్నం పడుకునేది. సాయంత్రం నాలుగింటికి వంటింటి వెనక బట్టలారేసే చిన్న బాల్కనీలోకి పోయి, తలుపు చేరవేసుకుని, కళ్ళజోడుతో మాట్లాడేది. కళ్ళజోడంటే ఎదురింటి కట్టడంలో ఉండే ఆమె స్నేహితురాలు. ఒకటో తరగతి నుంచీ ఇద్దరిదీ ఒకే బెంచీ.

ఆ మాటలు విని పిట్ట తల్లి మురిసిపోయేది. ఆమె ముందు గదిలో ఇంకో మూల కుట్టు మిషను పెట్టుకుని మాస్కులు కుట్టేది. కుడుతూనే చెల్లెలికి ఫోను చేసి చెప్పేది. "మా పిట్టకేం తల్లీ, దాని లోకం దానిది. ఎప్పుడూ స్నేహితులే, నవ్వులే. రెండో అంతస్తులో అమ్మాయిని చూస్తే భయమేస్తోంది. నోట్లోంచి మాటే ఊడిపడదట."

రెండో అంతస్తు అమ్మాయి నాలుగు నెలలుగా గోడకేసి చూస్తూ కూర్చుంటోందని కట్టడమంతా తెలుసు. ఎలా తెలుసంటే, ఆ మెట్లమీద రహస్యాలకు చెప్పులు ఉండేవి కావు, అడుగుల చప్పుడు వినపడకుండానే అన్ని ఇళ్ళకూ చేరేవి. ఒకరోజు కింద ఫోను కోసం వచ్చిన ఎవరో అడిగితే ఫోన్ల డాక్టరు కిటికీలోంచి గొంతెత్తి ఓ చమత్కారం కూడా విసిరాడు. "గోడతో స్నేహం కట్టిందటండీ. గోడే నయం, ఎదురు చెప్పదు!" వీధి అంతా పకపకా నవ్వింది. ఇంట్లో బట్టలు మడతపెడుతున్న పిట్ట అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ తర్వాత వారానికే ఆ అమ్మాయి తండ్రి ఆమెను ఆటోలో ఎక్కించి మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంటే ప్రతి అంతస్తులోనూ తలుపులు జానెడు తెరుచుకున్నాయి. ఫోన్ల డాక్టరు తలుపు కూడా తెరుచుకుంది. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి.

ఇప్పుడు బ్యాటరీ సంగతి.

ఆయన ఆలోచన వృత్తి తెలిసినవాడి ఆలోచన. పిల్ల గంటసేపు మాట్లాడుతోంది, అది చెవులారా వింటున్నాడు. ఈ ఫోను అరగలేదు, అది కళ్ళారా చూస్తున్నాడు. అయితే మాట్లాడేది ఈ ఫోనుతో కాదు. ఇంకో ఫోను ఉంది. రెండో ఫోను దాచుకునే ఆడపిల్ల కళ్ళజోడుతో మాట్లాడటానికి దాచుకోదు. వాడెవడో ఉన్నాడు.

తాళం తీసి చూసుకోవచ్చుగా అంటారేమో. ఆయన తల్చుకుంటే రెండు నిమిషాల పని. కానీ ఆయనకొక ఒట్టుంది. యజమాని అడగందే ఫోను తాళం తియ్యడు, తీసినా లోపల బొమ్మలు చూడడు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి తప్పలేదు. ఆ పేరుతోనే బతుకుతున్నాడు. కూతురికి ఫోను ఇచ్చేటప్పుడు కూడా అదే మాట ఇచ్చాడు. ఇప్పుడా మాట గొంతులో వెలక్కాయై కూర్చుంది.

అనుమానం ఒకసారి ఇంట్లో కాలుపెట్టాక ఊరికే కూర్చోదు, మేత వెతుక్కుంటుంది. పిట్ట రోజంతా చింపిరి జుట్టుతో తిరిగి, సరిగ్గా నాలుగింటికి పావుగంట ముందు మాత్రం తల దువ్వుకుంటోంది. ప్రేమ కాకపోతే ఏమిటి? కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోతోంది. ప్రేమే. గోళ్ళు రక్తం వచ్చేలా కొరుక్కుంటోంది. అది మరీ ముదిరిన ప్రేమ.

మర్నాడు మధ్యాహ్నం కళ్ళజోడే స్వయంగా వీధిలోకి వచ్చి, వాళ్ళమ్మ ఫోను బుట్టలో వేసింది. ఫోన్ల డాక్టరు కిటికీలోంచి వంగి, ఏమీ తెలియనట్టు అడిగాడు.

"ఏమ్మా, నిన్న గంటసేపు వాయించేశారుగా ఇద్దరూ!"

"ఎవరు అంకుల్?"

"నువ్వూ, మా పిట్టా."

ఆ పిల్ల ఒకసారి తమ ఇంటి బాల్కనీ వైపు చూసింది, తర్వాత చెప్పుల వైపు చూసుకుంది. "లేదంకుల్. మేం మాట్లాడుకుని చాలా రోజులైంది. తనే... అంటే మా అమ్మ..." అని ఆగిపోయి, "ఫోను రేపు తీసుకుంటానంకుల్" అంటూ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఫోన్ల డాక్టరు బుట్ట పైకి లాగడం మర్చిపోయాడు. దొంగ దొరికినట్టే. దొరికిన దొంగ కన్నకూతురు కావడమే ఆయనకు మింగుడుపడలేదు.

పెళ్ళాం చెవిలో వేశాడు. ఆమె మిషను ఆపేసింది.

"అరవకండి. మీ కాళ్ళు పట్టుకుంటా, అరవకండి" అంది. "వెనకవీధిలో ఆ కుర్రాడు ఏం చేసుకున్నాడో మర్చిపోయారా? ఈ రోజుల్లో పిల్లలు గాజుసామాన్లలా ఉన్నారు. ముందు వాడెవడో తెలుసుకోండి. తర్వాత నెమ్మదిగా మాట్లాడదాం."

అప్పుడు ఆయనకు నిజంగా భయం వేసింది. అప్పటిదాకా ఉన్నది రోషం. ఒక్కగానొక్క పిల్ల. తొందరపడితే చేజారిపోతుంది, ఊరుకుంటే ఎవడో తన్నుకుపోతాడు. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి.

ఆయన దగ్గర చచ్చిన ఫోన్ల అట్టపెట్టె ఒకటుండేది. పాడైన ఫోన్లు అందులో పడేసి, అవసరమైనప్పుడు ఒకదాని చెవి, ఇంకోదాని కన్ను పీకి వాడుకునేవాడు. ఆ సాయంత్రం లెక్కపెడితే ఇరవై మూడు ఉండాల్సినవి ఇరవై రెండే ఉన్నాయి. ఇంకేం, తండ్రి విద్య కూతురికి రాకుండా పోతుందా? చచ్చినదాన్ని ఎత్తుకుపోయి బతికించుకుంది! ఆ కోపంలోనూ ఆయనకు కాస్త గర్వం కలిగిన మాట అబద్ధం కాదు.

పిట్ట స్నానానికి వెళ్ళగానే మొగుడూపెళ్ళాలు ఇల్లంతా గాలించారు. దిండుగలీబులు, చెప్పుల అర, పాత పుస్తకాల వెనక, డబ్బాల అడుగున. బూజు తప్ప ఏమీ దొరకలేదు. చివరికి ఆయన చతికిలబడి, కుట్టు మిషను కిందికి చూసి, "ఇదేంటి?" అని గావుకేక పెట్టాడు. పొట్టికాలు కింద నల్లటి ఫోను ఒకటి అణిగిమణిగి పడుకుని ఉంది.

"అదా? మిషను ఊగుతోందని నేనే పెట్టాను" అంది ఆవిడ. "చచ్చిందేగా, ఇలాగైనా పనికొచ్చింది."

అంతటితో అనుమానం చావలేదు సరికదా, ఇంకా కొవ్వెక్కింది. ఇంట్లో దొరకలేదంటే ఒంటిమీదే దాచుకుంటోందన్నమాట. ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆమె మాట్లాడుతుండగా తను ఆమె నంబరుకు చెయ్యాలి. ఆ ఫోనులోనే ఎవరితోనైనా మాట్లాడుతుంటే తనకు 'వేరే కాల్‌లో ఉన్నారు' అని వస్తుంది. అలా కాక ఫోను మోగిందా, ఆమె రెండో ఫోనులో ఉన్నట్టే. అప్పుడు తలుపు తోసి చేతిలో ఉన్నది చేతిలో ఉన్నట్టే పట్టుకోవచ్చు.

మర్నాడు నాలుగైంది. పిట్ట తల దువ్వుకుంది, ఫోను తీసుకుంది, బాల్కనీలోకి పోయి తలుపు చేరవేసింది. తల్లి మిషను ముందు కూర్చుంది గాని తొక్కడం లేదు. ఫోన్ల డాక్టరు వంటింట్లో, తలుపు సందుకి కన్ను ఆనించి నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ ముక్కలు ముక్కలుగా విన్న మాటలు ఇప్పుడు వరుసగా వినపడ్డాయి.

"అవునా! తర్వాత?... అబ్బా, నవ్వలేక చస్తున్నానే... ఆ లెక్కల మాస్టారా? కెమెరా ఆన్‌లో ఉందని తెలీదా ఆయనకి?... అవునా! తర్వాత?"

లెక్కల మాస్టారి కథ ఆయన నిన్న కూడా విన్నాడు, మొన్న కూడా విన్నాడు. ప్రతిసారీ నవ్వు అక్కడే వచ్చింది. రోజూ ఒకే కథ చెప్పించుకుని రోజూ నవ్వేవాడు ఎవడురా అనుకుంటూ మీట నొక్కాడు.

ఫోను మోగింది.

ఆమె చెవి దగ్గరే మోగింది. చెవికి ఆనించుకుని, "చెప్పవే, తర్వాత?" అంటున్న ఆ ఫోనే, ఆ చేతిలోనే, గట్టిగా మోగింది. పిట్ట ఉలిక్కిపడి దాన్ని దూరంగా పట్టుకుని చూసింది. రెండో చేతిలో బట్టల క్లిప్పు ఒకటి ఉంది. ఇంకే ఫోనూ లేదు. ఆ బాల్కనీలో ఆరేసిన తువ్వాళ్ళు తప్ప ఇంకే మనిషీ, ఇంకే గొంతూ లేదు.

ఫోన్ల డాక్టరుకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. బ్యాటరీ ఎందుకు తగ్గలేదో అర్థమైంది. అవతల ఎవరో ఉన్నారనుకుని ఎంత కుమిలిపోయాడు! ఇప్పుడు అవతల ఎవడో ఒకడు ఉంటే బాగుండునని, ఏ పనికిమాలినవాడైనా సరే, ఉంటే బాగుండునని అనిపించింది. గ్యాసుబండ మీద కూలబడ్డాడు.

పిట్ట ఫోను ఎత్తింది. ఒకే గొంతు తలుపు సందులోంచీ, చెవిలోంచీ రెండుసార్లు వినపడింది.

"చెప్పు నాన్నా."

"ఏం లేదమ్మా. ఊరికే చేశాను."

"ఇంట్లోనే ఉన్నావుగా."

"ఉన్నాను." తలుపు తియ్యడానికి చెయ్యి రాలేదు. "ఆ మాస్టారి కథ చెప్తున్నావుగా. మధ్యలో ఆపేశావు. తర్వాతేమైందో నాకు చెప్పు."

తలుపు అవతల బట్టల క్లిప్పు కింద పడిన చప్పుడైంది.

"ఎప్పట్నించి వింటున్నావు?"

"ఇవాళే సరిగ్గా విన్నాను" అన్నాడు. "ఎన్నాళ్ళైంది పిట్టా?"

"మన గేటుకి కాగితం అంటించినప్పట్నించి." ఆమె గొంతులో ఏడుపు లేదు. హాజరు పిలిస్తే పలికినట్టుంది. "మొదట్లో కళ్ళజోడు వాళ్ళమ్మ మాట్లాడొద్దందట. ఫోనులో మాట్లాడితే కూడా అంటుకుంటుందేమో మరి. తర్వాత క్లాసు గ్రూపులో ఎవరో అన్నారు, ఫోన్లు బాగుచేసే ఆయన వల్లే వీధంతా వచ్చిందని. దానికి అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. కళ్ళజోడు కూడా పెట్టింది. అప్పట్నించి నేనే ఎవరికీ చెయ్యలేదు. వాళ్ళూ చెయ్యలేదు."

"నాకు చెప్పొచ్చుగా."

"నీ వల్లేనని నువ్వు అనుకుంటావని చెప్పలేదు."

ఆయన అరచేత్తో నోరు మూసుకున్నాడు.

"మాట్లాడకపోతే మాట్లాడకపోయావు. మాట్లాడినట్టు ఎందుకమ్మా ఈ..." నాటకం అనబోయి మింగేశాడు.

"రెండో అంతస్తు అమ్మాయిని అన్నావుగా నాన్నా, గోడతో స్నేహం చేసిందని. అందరూ నవ్వారు. నేను కూడా ఊరికే కూర్చుంటే అమ్మ పిన్నికి ఏం చెప్తుంది? నువ్వు కిటికీలోంచి ఏం చెప్తావు? గోడకి బదులు ఫోను పెట్టుకున్నా, అంతే. మొదట మీకు వినపడాలనే మాట్లాడేదాన్ని. తర్వాత మీరు ఇంట్లో లేనప్పుడు కూడా మాట్లాడాను. అప్పుడు నాకే భయమేసింది. రాత్రి పడుకుంటే..."

టక్కున చెవిలో గొంతు ఆగిపోయింది. ఫోన్ల డాక్టరు తన ఫోను వైపు చూసుకున్నాడు. తెర నల్లగా ఉంది. ముసలి బ్యాటరీ తన పద్ధతి ప్రకారం కన్ను మూసింది.

బాల్కనీలో పిట్టకు ఆ సంగతి తెలియలేదు. చెవి దగ్గర ఫోను పెట్టుకుని చెప్తూనే ఉంది. నిద్ర పట్టదని చెప్పింది. పొద్దున లేచాక ఎందుకు లేచానా అనిపిస్తోందని చెప్పింది. పాఠాలు వినపడతాయి గానీ బుర్రలోకి ఎక్కవని చెప్పింది. ఇవన్నీ చచ్చిపోయిన ఫోనుకే చెప్పింది. తలుపు ఇవతల తండ్రి వింటున్నాడు.

"నాన్నా? నాన్నా, ఉన్నావా?"

ఆయన తలుపు తీశాడు. "ఉన్నాను" అన్నాడు.

పిట్ట ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఆయన్ని చూసింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించాడు. అప్పుడు ఏడ్చింది. మిషను దగ్గర్నుంచి తల్లి పరుగెత్తుకొచ్చి, "ఎవడండీ? ఎవడు?" అంటే, "ఎవడూ లేడు" అన్నాడు. "అదే వచ్చిన చిక్కు."

ముగ్గురూ ఆ ఇరుకు బాల్కనీలో తడి తువ్వాళ్ళ మధ్య చీకటి పడేదాకా కూర్చున్నారు. తల్లి ముందు తిట్టింది, తర్వాత ఏడ్చింది, తర్వాత చిక్కు తీస్తూ పిల్లకు జడ వేసింది. జడ అయ్యాక పిట్ట అడిగింది. "కింద అమ్మాయిని ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారుగా. నన్నూ తీసుకెళ్తావా?"

మర్నాడు పొద్దున్నే ఫోన్ల డాక్టరు రెండో అంతస్తుకి దిగాడు. పిట్ట వెంట వచ్చి, నాలుగు మెట్ల పైన కమ్మీ పట్టుకుని ఆగింది. తలుపు కొడితే గొలుసు తియ్యకుండా జానెడు తెరుచుకుంది. సందులో ఆ అమ్మాయి తండ్రి సగం మొహం, మాస్కు, ఒక కన్ను.

"ఏంటి?"

"మీ అమ్మాయిని చూపించిన డాక్టరు నంబరు కావాలండీ."

ఆ కన్ను ఆయన్ని పైనుంచి కింది దాకా చూసింది. "ఎందుకు? కిటికీలోంచి చెప్పడానికి కొత్త జోకు కావాలా?"

అన్నీ విన్నారన్నమాట. ఫోన్ల డాక్టరు తల వంచుకున్నాడు. "ఆ రోజు తప్పుగా మాట్లాడానండీ. గడ్డి తిన్నాను."

"నంబరు ఎవరికి?"

పైన ఒక గడియ కదిలింది. కింద ఇంకో తలుపు కిర్రుమంది. ఆ మెట్లమీద చెవులకు కొదవ లేదు. తెలిసినవాళ్ళకి అనే మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. చుట్టాలబ్బాయికి అన్నా సరిపోయేది. వెనక్కి తిరిగి చూశాడు. పిట్ట గోరు నోట్లో పెట్టుకుని, ఆయన నోటివైపే చూస్తోంది.

"మా పిట్టకండీ" అన్నాడు, కిటికీలోంచి మాట్లాడేటంత గట్టిగా. "మా అమ్మాయికి మనసు బాగోలేదు."

ఆ కన్ను ఆయన్ని దాటి మెట్లమీది పిల్లను చూసింది. కొంచెంసేపు అలాగే చూసింది. తలుపు మూసుకుంది. పిట్ట ఇంకో మెట్టు వెనక్కి ఎక్కబోయింది. అంతలో లోపల గొలుసు తీసిన చప్పుడు వినపడింది.